పిల్లలతో విదేశం వెళ్తున్నాం, ఏ సిలబస్‌లో వేయాలి?

జర్మనీకి బదిలీ అయింది, ఎన్నాళ్లుంటామో తెలియదు, ఎనిమిదో తరగతి పూర్తవుతున్న అమ్మాయిని, ఒకటో తరగతిలో చేరాల్సిన బాబును ఏ స్కూల్లో వేయాలి, ఐబీనా, కేంబ్రిడ్జా (రెండూ చాలా దేశాల్లో నడిచే అంతర్జాతీయ సిలబస్‌లు), లోకల్ స్కూలా అని అడిగారు. మేం గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడి మాన్పించి ఇద్దరు పిల్లలతో జర్మనీ వచ్చినవాళ్లం. అప్పట్లో వాళ్ల వయసులు కూడా దాదాపు మీ పిల్లలవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తానండి: ఇద్దరికీ ఒకే స్కూలు వెతక్కండి. అమ్మాయిని ఇంటర్నేషనల్ స్కూల్లో, బాబును దగ్గర్లోని ప్రభుత్వ బడిలో వేయండి.

పెద్దమ్మాయి విషయంలో ఏ సిలబస్ గొప్పది అన్న చర్చ పక్కన పెట్టి, చివరి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. పన్నెండో తరగతి ఏ దేశంలో పూర్తి చేసే అవకాశం ఎక్కువ? ఆ తర్వాత కాలేజీ ఎక్కడ? తప్పకుండా ఇండియాకే వెళ్తాం, ఉండే ఊళ్లో సీబీఎస్ఈ బడి ఉంది అనుకునేవాళ్లకు గల్ఫ్‌లో మాలాగే అది హాయి. మీ పరిస్థితి అది కాదు.

కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ మామూలుగా 14 నుంచి 16 ఏళ్ల మధ్య చదివే రెండేళ్ల కోర్సు. ఐబీ డిప్లొమా ఆఖరి రెండేళ్ల కోర్సు. ఈ రెంటిలో ఏది మొదలుపెట్టినా మధ్యలో ఊరు మారితే ఇబ్బందే. కొత్త స్కూల్లో అవే సబ్జెక్టులు దొరకాలి, రెండో ఏడాదిలో చేర్చుకోవడానికి వాళ్లు ఒప్పుకోవాలి. అమెరికన్ పద్ధతిలో ఏడాదికేడాది క్రెడిట్లు జమవుతాయి కాబట్టి మారడం కాస్త తేలిక. కానీ తొమ్మిది నుంచి ప్రతి ఏడాది మార్కులూ కాలేజీ దరఖాస్తు దాకా వెంట వస్తాయి. మా అమ్మాయి ఐజీసీఎస్ఈ రెండో ఏడాదిలో ఉండగా మావారికి మళ్లీ బదిలీ మాట వచ్చింది. ఆఫీసులో గట్టిగా అడిగి పరీక్షలయ్యేదాకా వాయిదా వేయించుకున్నారు. మీరు కూడా ఇప్పుడే, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, ఈ మాట అడగండి. ఫీజు కంపెనీ కడుతుందా, ఎన్నేళ్లు కడుతుంది, ఉద్యోగం మారితే ఏమిటి అన్నవి కూడా కాగితం మీద ఉండాలి. ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు సొంత జీతంలోంచి కట్టాల్సి వస్తే ఆ టెన్షన్ పిల్లల మీద కూడా పడుతుంది.

అమ్మాయికి మెడిసిన్ ఆలోచన ఉంటే ఇది తప్పక తెలుసుకోండి. ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు, సాధారణంగా మూడు హయ్యర్ లెవెల్, మూడు స్టాండర్డ్ లెవెల్. మామూలుగా ఎంచుకుంటే, ఆర్ట్స్ వదులుకుని దాని బదులు ఇంకో సైన్స్ తీసుకున్నా సైన్సులు రెండే పడతాయి. మన నీట్‌కేమో పన్నెండో తరగతి స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ (లేదా బయోటెక్నాలజీ) మూడూ చదివి ఉండాలి. మూడు సైన్సులు తీసుకోవాలంటే 'నాన్ రెగ్యులర్ డిప్లొమా' అని స్కూలు ద్వారా ఐబీ సంస్థ నుంచి ముందే అనుమతి తెచ్చుకోవాలి. మా అమ్మాయికి అప్పట్లో డాక్టర్ కావాలని ఉండేది కాబట్టి పదో తరగతిలోనే కోఆర్డినేటర్‌ని కలిసి అడిగాం. పదకొండు మొదలయ్యాక అడిగితే చాలా ఆలస్యం. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లు లెక్కలు చూసుకోవాలి. 2019 నుంచి ఐబీలో లెక్కలకు రెండు కోర్సులు: అనాలిసిస్ అండ్ అప్రోచెస్, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్. చాలా ఇంజినీరింగ్ కోర్సులు మొదటిదే, అదీ హయ్యర్ లెవెల్‌లో కోరుకుంటాయి.

'ఇంటర్నేషనల్' అన్న బోర్డు చూసి నమ్మేయకండి. ఐబీలో ప్రైమరీ, మిడిల్, డిప్లొమా ఒక్కోదానికీ విడివిడిగా అనుమతి ఉండాలి. చిన్న తరగతులకు అనుమతి ఉండి, డిప్లొమాకు లేని బడులున్నాయి. ఐబీ వెబ్‌సైట్లో స్కూలు పేరు కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక బాబు. వాడి వయసుకు లోకల్ స్కూలే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు, కానీ నేను చెప్పేది డబ్బు గురించి కాదు. మావాడు మొదట్లో క్లాసులో నోరు విప్పేవాడు కాదు. టీచరమ్మ మాత్రం కంగారు పడొద్దు, వింటున్నాడు అనేది. ఏడాది తిరిగేసరికి మెట్ల మీద పక్కింటి పిల్లలతో జర్మన్‌లో పోట్లాడుతున్నాడు. అయితే పుస్తకం భాష రావడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది. కూడికలు చకచకా చేసేవాడు, అదే వాక్యాల్లో ఇచ్చిన లెక్కయితే ఏం అడిగారో అర్థమయ్యేది కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లల మీద పనిచేసిన కెనడా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ చెప్పింది కూడా ఇదే: ఆడుకునే భాష దాదాపు రెండేళ్లలో వస్తుంది, చదువుకునే భాషలో తోటివాళ్లను అందుకోవడానికి అయిదేళ్లు, అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఒకటో తరగతి పిల్లవాడికి ఆ అయిదేళ్లు ఉన్నాయి. పదమూడేళ్ల అమ్మాయికి లేవు, అందుకే ఇద్దరికీ వేర్వేరు బడులు అంటున్నాను.

అయినా జర్మనీలో ఒక మెలిక ఉంది. ఎక్కువ రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాతే పిల్లల్ని గిమ్నాజియం (యూనివర్సిటీ చదువుకు దారితీసే హైస్కూలు) లాంటి వేర్వేరు రకాల బడులకు పంపించేస్తారు. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఆరో తరగతి దాకా ఆగుతారు. మీ బాబు ఒకటో తరగతిలోనే చేరుతున్నాడు కాబట్టి అప్పటికి కనీసం నాలుగేళ్లు దొరుకుతాయి, భయం తక్కువ. మూడులోనో నాలుగులోనో వచ్చే పిల్లలున్నవాళ్లు ఉద్యోగం ఏ రాష్ట్రంలో అన్నది కూడా చూసుకోవాలి. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి. జర్మన్ నేర్పే పని బడి చూసుకుంటుంది.

అక్కడ కొత్త తరగతులు రాష్ట్రాన్ని బట్టి ఆగస్టులోనో సెప్టెంబరులోనో మొదలవుతాయి. అమ్మాయి ఎనిమిది మార్చిలో పూర్తయితే మధ్యలో కొన్ని నెలలు ఖాళీ వస్తాయి, వాటిని జర్మన్‌కు వాడుకోవచ్చు. గత రెండు మూడేళ్ల మార్కుల కాగితాలు, టీసీ, జనన ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. అనువాదాలు అడగవచ్చు. పిల్లల టీకాల కార్డు మర్చిపోవద్దు. 2020 మార్చి నుంచి జర్మనీ బడుల్లో చేరాలంటే తట్టు టీకా వేయించినట్టు, లేదా రోగనిరోధకత ఉన్నట్టు రుజువు తప్పనిసరి. రెండు డోసులూ కార్డులో ఉన్నాయో లేదో ఇవాళే చూడండి.