ఖర్చంతా రాబట్టుకోవాలంటే పాత మస్టాంగ్ అమ్ముడవుతుందా?

ప్రశ్న: నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం లారీ బాడీలు కట్టించినవాడిని. మా అబ్బాయి టెక్సాస్‌లోని డాలస్‌లో ఉద్యోగం చేస్తూ, తుప్పు పట్టి ఉన్న 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి ఏటవాలుగా దిగే రకం) కారును కొని, పూర్తిగా బాగు చేయించాడు. ఇంజిన్‌కు ఫ్యూయల్ ఇంజెక్షన్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఐదు గేర్ల గేర్‌బాక్సు, ఏసీ కొత్తగా పెట్టించాడు. ఇప్పుడు కుటుంబంతో సహా ఇక్కడికి వచ్చేస్తున్నాడు. ఖర్చయిన 78 వేల డాలర్లకు పైసా తగ్గకూడదంటాడు. ఆ ధర రాకపోతే కారును ఓడలో ఇక్కడికే తెచ్చుకుంటానంటాడు. అమ్మేముందు కొత్త భాగాలు తీసేసి పాతవి బిగిస్తే ధర పెరుగుతుందా?
- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ముందుగా ఇక్కడికి తెచ్చుకునే ఆలోచనను మానుకోమనండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం, యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించాలంటే అది తొలినాటి రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌కు గాని, బాడీకి గాని, ఇంజిన్‌కు గాని చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదు. మీరు రాసిన మార్పులు చూస్తే ఆ పరీక్షలో నెగ్గడం కష్టం. నెగ్గినా, 'వీఏ' అక్షరాలుండే ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు వెళ్లవచ్చు గాని, రోజూ బెంజి సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళ్లి రావడానికి వీల్లేదు. ఎడమవైపు స్టీరింగు, దిగుమతి సుంకం అనే తలనొప్పులు ఎలాగూ ఉన్నాయి.

ఇక 78 వేల సంగతి. లారీ యజమాని ముచ్చటపడి కేబిన్‌కు చేయించుకున్న హంగులకు అమ్మకం రోజున ఎంత ముట్టేదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడా అంతే. బాగుచేతకు ఎంత పోశారన్నది అమ్మేవారి లెక్క; కొనేవారు మాత్రం ఇదే మాదిరిగా మార్చిన మరో ఫాస్ట్‌బ్యాక్ ఈమధ్య ఎంతకు పోయిందో చూసుకుని వస్తారు. అడిగిన ధరలను కాక, నిజంగా అమ్ముడైన ధరలను చూసి కనీస ధర నిర్ణయించుకోమనండి. హాగర్టీ సంస్థ వంటివారు ప్రకటించే ధరల పట్టికలు ప్రధానంగా అసలు రూపంలో ఉన్న కార్లకు పనికొస్తాయి. మార్పులు చేసిన బండికి వాటిని యథాతథంగా వర్తింపజేస్తే లెక్క తప్పుతుంది.

పాత భాగాలు తిరిగి బిగించాలా వద్దా అన్నది ఆ కారు పుట్టుకను బట్టి తేలుతుంది. డ్రైవరు వైపు ఫెండరు లోపలి రేకు మీద కొట్టిన నంబరు చూడమనండి. అందులో మొదటి అంకె 7 అంటే 1967 మోడల్, తరువాతి అక్షరం తయారైన కర్మాగారం, ఆపై 02 అంటే ఫాస్ట్‌బ్యాక్, అయిదో స్థానంలోని అక్షరం ఇంజిన్. అక్కడ 'సి' ఉంటే అది రెండు బ్యారెళ్ల కార్బురేటరుతో 200 హార్స్‌పవర్ ఇచ్చే 289 ఘనపుటంగుళాల వీ8. ఆ ఏడాది నాలుగు లక్షల డెబ్బై వేలకు పైగా తయారైన మస్టాంగ్‌లలో చాలా మామూలుగా కనిపించేది. అటువంటి కారును మళ్లీ పాత రూపానికి తేవడం డబ్బు దండగ. నడపడానికి హాయిగా ఉండే బండి కావాలనేవారే దానికి సరైన గిరాకీ, వారికి డిస్క్ బ్రేకులు, ఏసీ వరాలే. అక్కడ 'కె' ఉంటే మాత్రం వ్యవహారం వేరు: అది 271 హార్స్‌పవర్ ఇంజిన్, అరుదైనది, కాబట్టి ఒక్క బోల్టు విప్పేముందు కూడా తెలిసినవారిని సంప్రదించాలి. ఏ ఇంజినైనా సరే, తీసేసిన కార్బురేటరు, బ్రేకు డ్రమ్ములు, పాత గేర్‌బాక్సు గ్యారేజీలో ఉంటే పారేయకుండా కారుతో పాటే ఇవ్వడం మంచిది.

అసలు ధరను నిలబెట్టేది నమ్మకం. పై మెరుగులు చూసి ఎవరూ మోసపోరు. ఈ తరం మస్టాంగ్‌లకు ముందు అద్దం కింద గాలి వెళ్లే కౌల్ భాగంలోనూ, నేల రేకుల్లోనూ, వాటి మూలల్లో ఉండే టార్క్ బాక్సుల్లోనూ తుప్పు పడుతుందని కొనేవారికి తెలుసు, అందుకే అయస్కాంతం చేతబట్టుకుని మరీ వస్తారు. లప్పం దట్టంగా పట్టించిన చోట అది అంటుకోదు. రంగు వేయకముందు, రేకు బయటపడి ఉన్నప్పుడు తీసిన ఫొటోలు ఉంటే అవి సగం బేరం ముగించినట్టే. వాటితో పాటు ప్రతి బిల్లూ, ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ ఏ కంపెనీదో, వైరింగు ఎవరు చేశారో, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్టవుతుందో చూపే వీడియో సిద్ధం చేయమనండి. ఏసీ సరిగా పనిచేయకపోయినా, ఎక్కడైనా గీత పడినా ముందే చెప్పేయాలి. దాచిన లోపం ఒక్కటి బయటపడితే మిగతా నిజాలకూ విలువ పోతుంది. షెల్బీ (మస్టాంగ్‌లోనే ప్రత్యేకంగా తీర్చిదిద్దిన, ఎక్కువ విలువైన రకం) బ్యాడ్జీలు తగిలించి ఉంటే అవి అలంకారమేనని స్పష్టంగా రాయాలి. ఈ విషయంలో నాకు ఏమాత్రం మొహమాటం లేదు: షెల్బీ కాని కారును షెల్బీ అని అమ్మడం మోసమే.

బారెట్ జాక్సన్, మీకమ్ వంటి వేలంశాలలకు తీసుకువెళితే హడావుడి బాగానే ఉంటుంది, కాని రుసుములు, రవాణా కలిసి వచ్చే సొమ్మును బాగా కరిగిస్తాయి. ఇటువంటి బండికి ఆన్‌లైన్ వేలమే నయమని నా అభిప్రాయం. అయితే వేలం నడుస్తున్న రోజుల్లో వచ్చే ప్రశ్నలకు యజమానే జవాబివ్వాలి, చూడటానికి వచ్చేవారికి కారు చూపించాలి. అందువల్ల విమానం టిక్కెట్లు అమ్మకం తరువాతే కొనమనండి. కారు చేతులు మారాక నంబరు ప్లేట్లు తీసేసుకుని, అమ్మినట్టు టెక్సాస్ మోటారు వాహనాల శాఖకు 30 రోజులలోపు తెలియజేయాలి. సొంత వాడకపు కారు మీద వచ్చిన నష్టాన్ని అమెరికా ఆదాయపు పన్నులో చూపించుకోవడం కుదరదు.

ప్రశ్న: మా అల్లుడు ఒహాయోలో 1969 నాటి షెవర్లే కమారో కారును అమ్మకానికి పెట్టాడు. వేరే రాష్ట్రం వ్యక్తి ఒకరు కారు చూడకుండానే ఒప్పుకుని, అడిగిన దానికన్నా ఎక్కువ మొత్తానికి క్యాషియర్స్ చెక్కు (బ్యాంకే తన పేరిట ఇచ్చే చెక్కు) పంపుతాననీ, మిగిలింది కారు తీసుకెళ్లే రవాణా మనిషికి ఇవ్వమనీ అంటున్నారు. నమ్మవచ్చా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. అది అక్కడ ఏళ్లుగా నడుస్తున్న మోసం. చెక్కు దొంగదని తేలేలోపే బ్యాంకు ఆ డబ్బును ఖాతాలో చూపించవచ్చు. తరువాత వెనక్కి తీసుకుంటుంది, మీ అల్లుడు రవాణా పేరిట పంపిన సొమ్ము మాత్రం తిరిగి రాదు. కొనేవారు తమ రవాణా ఖర్చు తామే నేరుగా చెల్లించుకోవాలి. కారు డబ్బు వైర్ ద్వారా వచ్చిందని తన బ్యాంకుకు తానే ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే టైటిల్ కాగితం (కారు యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టమనండి.