ఐదేళ్ళు నిండాకే మెయిల్ పెట్టు

బరంపురం,
ఆదివారం

అమ్మడూ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. "బావగారూ, దీనికి టీం లీడు ఇస్తామంటే వద్దందిట. పైపెచ్చు ఉద్యోగమే మానేసి బరంపురం వచ్చేస్తానంటోంది. మీరే గడ్డి పెట్టాలి" అంది. గడ్డి పెడదామనే కాయితం తీశాను. తీరా రాయబోతే ముందు గర్వం వచ్చింది. పదిమందీ ఎగబడే పోస్టుని "నాకు సరిపడదు సార్" అని మేనేజరు మొహం మీదే చెప్పడం చిన్న విషయం కాదమ్మా. ఆ తరవాత భయం పట్టుకుంది. నువ్వు ఉద్యోగం మానేస్తే నాకేం బాధ లేదు. తేదీ చూసుకోకుండా మానేస్తావేమోనని నా భయం.

అంచేత ఒక్క మాట ముందే చెప్తున్నాను. రాజీనామా మెయిల్ ఇప్పుడే పెట్టకు. మీ అమ్మ చెప్పిన లెక్కకి ఈ కంపెనీలో నీకు నాలుగేళ్ళ ఏడు నెలలు. పర్మనెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, రావాలంటే ఒకే యజమాని దగ్గర వరసగా అయిదేళ్ళు ఉండాలి. మొదటి కంపెనీలో చేసిన రెండేళ్ళ ఎనిమిది నెలలు దీంట్లో కలవవు. గ్రాట్యుటీ లెక్కకి తీసుకునే నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, మళ్ళీ ఏళ్ళతో గుణించాలి. ఆ జీతం 40,000 అనుకుంటే అయిదేళ్ళకి 1,15,384 రూపాయలు. నాలుగేళ్ళ ఏడు నెలలకి సున్నా. నాలుగేళ్ళ 240 రోజులు చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది, నీ స్నేహితులు అదే చెప్తారు. అన్ని కంపెనీలూ దాన్ని ఒప్పుకోవు. అయిదు నెలలు ఓపిక పడితే దక్కే డబ్బు కోసం లేబరు ఆఫీసు మెట్లు ఎందుకు ఎక్కడం?

నోటీసు 90 రోజులు కదా, ఇప్పుడు మెయిల్ పెట్టి కాస్త ముందువెనకలు చేసుకుంటే అయిదేళ్ళు వచ్చేస్తాయని నువ్వు లెక్క వేస్తావు. ఆ లెక్క ప్రమాదం. మెయిల్ అందిన మర్నాడే "రేపటి నుంచి రానక్కర్లేదు" అనే కంపెనీలు ఉన్నాయి. లెక్కలోకి వచ్చేది నీ ఆఖరి పని రోజు, దాన్ని నిర్ణయించేది వాళ్ళు. అయిదేళ్ళు నిండి పది రోజులు దాటాక మెయిల్ పెట్టు.

రిలీవింగు లెటరు, అనుభవ పత్రం, ఫారం 16, ఆఖరి మూడు నెలల పే స్లిప్పులు నీ దగ్గరే పెట్టుకో. కంపెనీ మెయిల్ ఆఖరి రోజు సాయంత్రానికి తెరుచుకోదు. క్రెడిట్ కార్డు కావాలంటే జీతం పడుతుండగానే తీసుకో, కొత్త అప్పు మాత్రం చెయ్యకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది పీఎఫ్. పదమూడు అంకెల పాస్‌వర్డులు గుర్తుంచుకునే పిల్లవి, పీఎఫ్ పాస్‌బుక్కు ఎప్పుడైనా తెరిచి చూశావా? ముందు పేరు చూడు. మన తెలుగువాళ్ళకి ఇక్కడో తంటా ఉంది. ఇంటిపేరు ముందు రాసుకునే మన పద్ధతి ఒడియా బడి గుమస్తాకి అలవాటు లేదు. మెట్రిక్ సర్టిఫికెట్లో ఇంటిపేరు చివరికి పోతుంది, ఆధార్‌లో ముందుంటుంది, పాన్‌లో ఒక్క పొడి అక్షరమై కూర్చుంటుంది. యూఏఎన్‌లో, అంటే నీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఉండే ఒకే నంబరులో, నీ పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఆధార్‌తో పొల్లు పోకుండా కలవాలి. తేడా ఉంటే, హెచ్ఆర్ ఆమోదం కావాల్సి వచ్చినా ఉద్యోగంలో ఉండగా సులువు. మానేశాక వాళ్ళు నీ మెయిల్‌కి జవాబు కూడా ఇవ్వరు.

తరవాత మొదటి కంపెనీ ఖాతా ఇందులోకి మారిందో లేదో చూడు. ఒకే యూఏఎన్ కింద రెండు మెంబరు ఐడీలు విడివిడిగా పడుంటే, మార్పిడి దరఖాస్తు ఈ వారమే పెట్టు. అక్కడ మానేసిన తేదీ ఇక్కడ చేరిన తేదీ కన్నా ముందు ఉండాలి. ఒక్క రోజు అటూ ఇటూ అయినా చిక్కులు రావచ్చు. నామినీగా అమ్మనో నాన్ననో పెట్టు. పెళ్ళయ్యాక ఆ నామినేషను చెల్లదు, మళ్ళీ చెయ్యాలి.

పాస్‌బుక్కులో పింఛను గడి అని విడిగా ఉంటుంది. నెలనెలా యజమాని ఇచ్చే 12 శాతంలోంచి 8.33 శాతం, 15,000 జీతం మీద లెక్క కట్టి, 1,250 దాకా అందులోకి వెళ్తుంది. 2014 సెప్టెంబరు తరవాత మొదటిసారి చేరేటప్పుడే బేసిక్ 15,000 దాటినవాళ్ళకి ఆ పింఛను పథకమే లేదు, గడిలో సున్నా ఉంటుంది. నీ మొదటి జీతం చిన్నది కాబట్టి నీకు ఉండి తీరాలి. ఆ గడి గురించే ఈ ఉత్తరం, అమ్మడూ. మీ నాన్న పోగొట్టుకున్నది అదే.

గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళడం మన దగ్గర వింత కాదు. పూరీ–అహ్మదాబాద్ రైల్లో జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటుండేది కాదు. మగ్గాల మీద పన్నెండేసి గంటల షిఫ్టు, మీటరుకింతని కూలి, పీఎఫ్ ఊసే లేదు. మీ నాన్నకి మాత్రం ఒక అద్దకం మిల్లులో పీఎఫ్ ఉన్న ఉద్యోగం దొరికింది. ఇంట్లో పండగ చేసుకున్నాం. అప్పట్లో "పర్మనెంటు" అన్న మాట వింటే పిల్లనివ్వడానికి ఇచ్ఛాపురం నుంచి కూడా వచ్చేవారు. 1996 జనవరిలో చేరాడు, 2005 మే నెలలో మానేశాడు.

ఎందుకు మానేశాడో నీకెవరూ చెప్పి ఉండరు. నీకప్పుడు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి, కుదిరితే దసరాకి వచ్చే మనిషిని చూసి నువ్వు తలుపు వెనక దాక్కునేదానివి. మిల్లులో సూపర్‌వైజరు చేస్తామన్నారట. వాడు వద్దనేసి, పెట్టె సర్దుకుని వచ్చేశాడు. "పిల్ల నన్ను మావయ్యా అంటోంది" అన్నాడు, అంతే. మేమందరం తిట్టాం. చేతకానివాడన్నాం, పైకొచ్చే యోగం లేదన్నాం. మీ తరానికి పని మీద ధ్యాస లేదనీ, పైకెక్కాలన్న ఆశ చచ్చిపోయిందనీ ఈమధ్య ఎవరైనా అంటే నాకు మీ నాన్నే గుర్తొస్తాడు. ఇంటి దగ్గర బతకాలన్న ఆశ వాడికీ ఉంది. దాన్ని మేం ఆశ కింద జమ కట్టలేదు.

సరే, వచ్చేశాడు. చేతిలో రెండు ఫారాలు. 19 పీఎఫ్‌కి, 10సి పింఛనుకి. 10సిలో రెండు దారులుంటాయి. కట్టిన పింఛను సొమ్ము బదులు కొంత డబ్బు తీసుకుని ఆ సర్వీసు చెరిపేసుకోవడం ఒకటి, డబ్బు తీసుకోకుండా ఆ సర్వీసుని స్కీమ్ సర్టిఫికెట్‌గా రాయించుకోవడం రెండోది. డబ్బు దగ్గర టిక్కు పెట్టి ఆ ఫారం నింపిన చెయ్యి నాది. ముప్ఫై వేల చిల్లర వచ్చింది. వంటింటి రేకులు తీసి శ్లాబు వేశాం. భలే పని చేశామనుకున్నాం.

వాడి సర్వీసు తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. పింఛనుకి పదేళ్ళు కావాలి. అయితే ఆ లెక్కలో ఆరు నెలలూ, ఆ పైనా ఉంటే నిండు ఏడాదిగా కడతారు. తొమ్మిదేళ్ళ ఆరు నెలలంటే పదేళ్ళే. రెండు నెలలు, అమ్మడూ! ఆ వేసవి అక్కడ గడిపి వచ్చుంటే చాలు. వచ్చే ఏడు వాడికి 58 నిండుతాయి. ఆ నెల నుంచి, వాడు బతికున్నంత కాలం, నెలకి కనీసం 1,000 వచ్చేది. వాడి తరవాత మీ అమ్మకి వచ్చేది. వెయ్యి ఒక లెక్కా అంటావు. ఏడాదికి పన్నెండు వేలు. ఆనాడు తీసుకున్న ముప్ఫై వేలూ రెండున్నరేళ్ళలో తీరిపోయేవి, మిగతాదంతా మిగులే. పోనీ రెండు నెలలు ఉండలేకపోయాడు, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకున్నా దారి ఉండేది. బొడొబజార్ బట్టల కొట్టులో పీఎఫ్ లేకుండా ఏళ్ళతరబడి నిలబడ్డాడు. ఆ మధ్యలో ఎక్కడైనా పీఎఫ్ ఉన్నచోట ఒక్క ఏడాది పని చేసుంటే పాత తొమ్మిదేళ్ళూ దానికి కలిసేవి. డబ్బు తీసుకున్న రోజుతో ఆ దారి మూసుకుపోయింది. ఈ సంగతి తెలిశాకే నేను ఈ ఫారాలు చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు సూరత్ నుంచి సెలవుకొచ్చిన కుర్రాళ్ళు కాయితాలు పట్టుకుని మన అరుగు మీద కూర్చుంటే, ముందు 10సిలో టిక్కు ఎక్కడుందో చూస్తాను.

నీ సంగతికి వద్దాం. రెండు కంపెనీలూ కలిస్తే ఈ రోజుకి నీ పింఛను సర్వీసు ఏడేళ్ళ మూడు నెలలు. జీతం లేని సెలవులు పెట్టి ఉంటే అవి ఎన్‌సీపీ (చందా పడని) రోజులుగా తేలి సర్వీసులోంచి తగ్గుతాయి, అవీ చూసుకో. మానేసేనాటికి ఏడేళ్ళ ఎనిమిది నెలలు దాటుతుంది. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకో, డబ్బు తీసుకోకు. రేపు నీ మనసు మారి మళ్ళీ ఎక్కడైనా చేరితే, రెండేళ్ళు పని చేస్తే పింఛను నీదే. మారకపోయినా ఆ కాయితం తిండి అడగదు. పీఎఫ్ సొమ్ము కూడా అలాగే ఉంచు. మానేశాక కూడా 58 దాకా వడ్డీ పడుతుంది. మానేశాక పడే వడ్డీ మీద పన్ను ఉంటుంది, రిటర్నులో చూపించు. కంపెనీ నీ "మానేసిన తేదీ" పోర్టల్లో ఎక్కించిందో లేదో రెండు నెలలు పోయాక చూడు. అది ఎక్కకపోతే ముందు ముందు ఏ పనీ జరగదు.

ఇంకోటి మీ నాన్న షుగరు. వాడి పరీక్షలూ, మొన్నటి కంటి ఆపరేషనూ నీ కంపెనీ పాలసీ మీదే జరిగాయి కదా. ఆ పాలసీ నీ ఆఖరి పని రోజుతో సరి. కొత్తగా బయట తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బుకి మూడేళ్ళ దాకా ఆగమంటారు. అదే బీమా కంపెనీలో ఆఫీసు గ్రూపు పాలసీ నుంచి సొంత పాలసీకి మారితే, గ్రూపులో గడిచిన కాలం ఆ మూడేళ్ళలోంచి తగ్గుతుంది. మానేశాక గుర్తొస్తే లాభం లేదు. మెయిల్ పెట్టిన వారంలోనే హెచ్ఆర్‌ని అడిగి బీమా వాళ్ళతో మాట్లాడు. 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, మీ నాన్నకి ఇంకా పుష్కరం పైనే టైముంది.

బెంగళూరు పనే ఇక్కడ కూర్చుని విడిగా చేసుకుంటాను, వారానికి నాలుగు రోజులే అన్నావట. బాగుంది. చెప్పిన పనికి డబ్బు మాత్రం చెప్పిన రోజున రాదు. బిల్లు పెట్టాక 30 రోజులంటారు, 60 చేస్తారు. కొత్తవాళ్ళ దగ్గర మూడో వంతు ముందు తీసుకోకుండా మొదలుపెట్టకు. ఇంటి ఖర్చు, బీమా కలిపి తొమ్మిది నెలలకి సరిపడా డబ్బు విడి ఖాతాలో ఉంటేనే రైలెక్కు. గ్రాట్యుటీ దాన్లో కలపకు, అది చేతికొచ్చేదాకా రానట్టే. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గోల లేదు.

కరెంటు సంగతి నువ్వు మర్చిపోయి ఉంటావు. 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టరు పెట్టించు. లాప్‌టాప్, రౌటరు, ఒక ఫ్యాను కలిపి 150 వాట్లు అనుకుంటే ఎనిమిది గంటలు లాగుతుంది. ఇంటర్నెట్ రెండు వేర్వేరు కంపెనీలవి ఉండాలి. మామూలు రోజులకి ఇది చాలు, అక్టోబరుకి చాలదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు, ఆ తరవాత ఎన్ని రోజులు చీకట్లో గడిపామో నీకే తెలుసు. 2018లో తిత్లీ కూడా అక్టోబరే. ఆ నెలలో ఎవరికీ గడువు తేదీ ఒప్పుకోకు. వాతావరణ శాఖ వాయుగుండం అనగానే లాప్‌టాప్ పట్టుకుని భువనేశ్వర్‌లో మీ పిన్ని ఇంటికి వెళ్ళిపో. మేం ఎలాగో ఉంటాం.

వచ్చిన మొదటి నెల ఊరంతా "ఉద్యోగం పోయిందా అమ్మా" అని అడుగుతుంది. ఒక్కొక్కరికీ సంజాయిషీ చెప్పకు. "ఇంటి నుంచి చేస్తున్నాను" అను, చాలు. పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నీ గది తలుపు వేసి ఉంటుందని మీ అమ్మకి నేను చెప్తాను. లేకపోతే పప్పు రుబ్బమనీ, బజారుకి పొమ్మనీ గంటకోసారి పిలుస్తుంది. మేడ మీద తూర్పు గది ఖాళీ చేయిస్తున్నాను. కిటికీకి దోమల జాలీ ఈ వారంలో పడుతుంది.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. ఆ రెండు నెలల సంగతి వాడికి నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

పాస్‌బుక్కు ఫొటో, పింఛను గడి కనిపించేలా, వచ్చే ఆదివారంలోగా పంపు. మొదటి కంపెనీది విడిగా, ఇక్కడిది విడిగా.

మీ పెదనాన్న