గుండె కండరం మందమయ్యే జబ్బుకు పేషెంట్ల సంస్థ: సొసైటీయా, ట్రస్టా?

మీకు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి ఉంది, ఇలాంటి కుటుంబాల కోసం విజయవాడలో సంస్థ పెట్టాలనుకుంటున్నారు, ఏది రిజిస్టర్ చేయాలి అని అడిగారు.

రిజిస్ట్రేషన్ తర్వాతి సంగతి. ముందు కావలసింది ఒక ఫోన్ నంబరు, వంశవృక్షం గీయడానికి కాగితం. జబ్బు బయటపడిన ప్రతి మనిషి వెనకా పరీక్ష చేయించుకోని తోబుట్టువులు, పిల్లలు ఉంటారు. ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మూడు తరాలు గీయండి. ‘గుండెపోటుతో పోయాడు’ అంటే అక్కడితో ఆగకుండా ఏ వయసులో, ఏం చేస్తుండగా అని అడగండి. ముప్పై ఏళ్లకే ఆటలో కుప్పకూలిన బాబాయి ఈ లెక్కలోకి రావచ్చు. మేనరికాలున్న ఇళ్లలో తల్లివైపు కూడా గీయాల్సిందే. అదే లోపం ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకు చిన్నప్పుడే ముదురుతుంది.

దగ్గరి రక్తసంబంధీకులకు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) రెండూ కావాలి. బీపీలాంటి వేరే కారణం లేకుండా గుండె గోడ మందం 15 మిల్లీమీటర్లుంటే జబ్బు కింద లెక్క; ఈ కుటుంబాల పెద్దల్లో 13 ఉన్నా వదలరు. ఇప్పుడు నార్మల్ వచ్చినా కొన్నేళ్లకోసారి మళ్లీ తీయించాలి, ఎదిగే పిల్లలకు ఇంకా తరచుగా. జన్యు పరీక్ష మాత్రం ముందు జబ్బున్న మనిషికే. అక్కడ లోపమేదో దొరక్కుండా ఆరోగ్యంగా ఉన్న తమ్ముడికి చేయిస్తే డబ్బు దండగ.

రెండో పని జేబు కార్డు. జబ్బు పేరు, మందులు, ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే, ఒంట్లో అమర్చే యంత్రం) ఉంటే దాని మోడల్ రాయండి. రక్తం బయటికెళ్లే దారికి అడ్డంకి ఉన్న రకమైతే ‘నాలుక కింద సార్బిట్రేట్ పెట్టొద్దు’ అని తెలుగులో పెద్దక్షరాలతో వేయండి. మన దగ్గర ఛాతీ పట్టుకుంటే చాలు, పక్కింటాయన తీసేది ఆ బిళ్లే. దాంతో రక్తనాళాలు వదులై, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, అసలే ఇరుకైన దారి ఇంకా మూసుకుంటుంది. గుంటూరు మే ఎండలో నీళ్లు తాగకుండా తిరిగినా జరిగేది అదే. కార్డులో ప్రతి మాటా కార్డియాలజిస్టుకు చూపించాకే అచ్చుకివ్వండి.

ఇక కాగితాలు. నా ఓటు సొసైటీకి. ట్రస్టు తరచూ ఒక్క ఇంటి చేతుల్లోనే ఉండిపోతుంది. సొసైటీకి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కావాలి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు. ఏడుగురూ పేషెంట్లయితే ఆస్పత్రుల చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది. జబ్బులేని ఇద్దర్ని, లెక్కలు తెలిసిన ఒకర్ని కలుపుకోండి. ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా దాఖలు తప్పొద్దు. అవి మానేస్తే, చెక్కుల మీద సంతకం పెట్టే మనిషి మారిన రోజున బ్యాంకు దగ్గర ఇరుక్కుంటారు.

అందరూ బోల్తా పడేది అమెరికా డబ్బు దగ్గర. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న బావగారు సొంత సంపాదనలోంచి పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా రూపాయల్లో ఇచ్చినా తీసుకోకూడదు.

విజయవాడ సూర్యారావుపేట ఆస్పత్రుల డాక్టర్లను గౌరవాధ్యక్షులుగా ఉండమని అడక్కండి. ‘మీ తోబుట్టువులకు, పిల్లలకు ఎకో తీయించండి’ అన్న చీటీ, మీ నంబరుతో ఓపీ బల్ల మీద ఉంచమనండి, చాలు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరి రిపోర్టూ పెట్టనివ్వొద్దు. పెళ్లికావాల్సిన పిల్ల పేరున్న ఎకో ఒక్కటి బయటికి పొక్కితే, ఆ ఇంటి నుంచి ఇంకెవరూ పరీక్షకు రారు.