మాక్రోఫేజ్‌ల మీద లేజర్ వేసే ముందు

చిట్టీ,

నీ మెయిల్ చదివాను. మీ గైడ్ 660 నానోమీటర్ల డయోడ్ లేజర్ చేతికిచ్చి, మాక్రోఫేజ్‌ల మీద (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) ఏం చేస్తుందో చూడమన్నారన్నావు. మంచి పనే. కాకపోతే ఈ సబ్జెక్టులో ఒక పేపర్‌కీ ఇంకో పేపర్‌కీ పొంతన కుదరదు. ఒకరు వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ తగ్గిందంటారు, ఇంకొకరు పెరిగిందంటారు. చాలాసార్లు తేడా కణాల్లో కాదు, కొలతలో ఉంటుంది. అందుకని ఆ ప్రోటీన్లను కొలిచే ఎలైసా కిట్ ఏది తెప్పించాలన్నది తర్వాత చూద్దాం, ముందు వెలుతురు సంగతి తేల్చుకో.

లేజర్ మీద రాసిన మిల్లీవాట్లను నమ్మకు. పవర్ మీటర్ అడిగి తెచ్చుకుని, ప్లేట్‌లో కణాలు ఉండే ఎత్తులోనే సెన్సర్ పెట్టి కొలువు. మూత ఉంచి వేస్తావా, మూత ఉంచే కొలువు. దాని మీద పట్టిన ఆవిరి కూడా వెలుతురును చెదరగొడుతుంది. 50 మిల్లీవాట్లు ఒక చదరపు సెంటీమీటరు మీద సమానంగా పరుచుకుంటే, నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 3 జౌల్స్ అందుతాయి. అదే కిరణం అందులో పదోవంతు చోటులోనే పడితే 30. లేజర్ నుంచి బయటికొచ్చింది మాత్రం రెండుసార్లూ 3 జౌల్సే! ఊరికే ‘3 జౌల్స్ ఇచ్చాం’ అని రాసి వదిలేసే పేపర్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 96 వెల్స్ (కణాలు పెంచే చిన్న గుంటలు) ఉన్న ప్లేట్‌లో ఒక్కో వెల్ అడుగు సుమారు 0.32 చదరపు సెంటీమీటర్లే. కిరణం నడుమ గట్టిగా, అంచుల్లో పలచగా ఉంటుంది, పక్క వెల్‌లోకీ పోతుంది. నల్ల గోడల ప్లేట్ దొరక్కపోతే మధ్యలో వెల్స్ ఖాళీగా వదిలేయి.

డోసు పెంచుకుంటూ పోతే ఫలితమూ పెరుగుతుందనుకోకు. నారుమడికి నీళ్ళలాంటిదే ఇదీ, ఎక్కువైతే పని చెడుతుంది. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, మూడూ పెట్టు. 1967 ప్రాంతంలో బుడాపెస్ట్‌లో ఎంద్రె మెస్టర్ అనే డాక్టర్ లేజర్‌తో క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని గొరిగిన ఎలుకల మీద రూబీ లేజర్ వేస్తే, క్యాన్సర్ రాలేదు సరికదా వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఈ రంగమంతా అక్కడే మొదలైంది.

కంట్రోల్ ప్లేట్‌ను ఇంక్యుబేటర్‌లోనే వదిలేయకు. బయట ఉన్నంతసేపూ మీడియంలోంచి (కణాలను పెంచే ద్రవం) కార్బన్ డై ఆక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, రంగు కూడా గులాబీకి తిరుగుతుంది. మాక్రోఫేజ్‌లు ఇలాంటివాటికి ఊరికే రెచ్చిపోతాయి. లేజర్ ఆఫ్ చేసి, కంట్రోల్‌నూ అంతేసేపు అదే చోట పెట్టు. వెల్ వేడెక్కుతోందేమో కూడా చూసుకో.

ఇంకోటి, కణాలు ఎంత చురుగ్గా ఉన్నాయో రంగుతో చూపే ఎంటీటీ పరీక్ష. రంగు పెరగ్గానే కణాలు పెరిగాయని సంబరపడకు. ఎర్ర వెలుతురును అందుకునేది ప్రధానంగా మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సీ ఆక్సిడేజ్ అని చాలామంది నమ్మకం. ఎంటీటీ రంగు మారేదేమో కణం జీవక్రియ వల్ల, అందులో మైటోకాండ్రియా ఎంజైములకీ పాత్ర ఉంది. అంటే వెలుతురు ఎక్కడ పనిచేస్తుందో నువ్వు కొలిచేదీ అక్కడే! కణాల సంఖ్య కావాలంటే చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి లెక్కపెట్టు.

ఎల్‌పీఎస్‌తో (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) రెచ్చగొట్టిన కణాలూ, ప్రశాంతంగా ఉన్న కణాలూ రెండూ పెట్టు, వాటి ఫలితాలు ఒకేలా రావు. వాపు సంకేతాలు తగ్గాయని చెప్పే పేపర్లలో ఎక్కువ భాగం రెచ్చగొట్టిన కణాలవే. టీఎన్ఎఫ్ ముందే వస్తుంది, వాపును తగ్గించే ఐఎల్-10 ఆలస్యంగా వస్తుంది. ఒకే గంట దగ్గర రెండూ కొలిచి తీర్పు చెప్పకు.

మీ అమ్మ మోకాళ్ళకి ఆ లేజర్ పెట్టించుకోవచ్చా అని అడుగుతుంది, నాకు తెలుసు. ప్లేట్‌లో ఫలితానికీ మోకాలికీ చాలా దూరం, డాక్టర్‌ని అడగమను.

808 నానోమీటర్ల లేజర్‌కి మారితే కిరణం కంటికి దాదాపు కనపడదు కాబట్టి మరీ ప్రమాదం. ఆ తరంగదైర్ఘ్యానికి తగ్గ కళ్ళద్దాలు లేకుండా స్విచ్ వేయకు, పక్కన నిలబడ్డవాళ్ళకీ ఇప్పించు. మొదటి ప్లేట్ వేసేముందు పవర్ మీటర్ కొలతలు నాకు పంపు, ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

పెద్దమ్మ