పాత ఫియట్ కార్బరేటర్ ఇంట్లో విప్పొచ్చా? ముందు స్పిండిల్ ఊపి చూడండి

తాతగారి వింటేజ్ కారు ప్రీమియర్ పద్మిని స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) నిలబడటం లేదు, కిట్ (మార్చే వాషర్లు, డయాఫ్రంల ప్యాకెట్) కొని కార్బరేటర్, అదే గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి ఇచ్చేది, నేనే రీబిల్డ్ చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే కిట్ కొనే ముందు కాస్త ఆగండి. ఆ కిట్ల మీద నాకున్న కోపం ఈనాటిది కాదు.

మాది 1984 మోడల్, నాన్న కొన్నది. కాగితాల మీద పద్మిని అని ఉన్నా మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఫియట్ కారే. మీరు వింటేజ్ అన్నారు గానీ, సర్కారు లెక్కలో పాతవన్నీ వింటేజ్ కావు. 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. అంటే మా బండికి 2034 దాకా ఆ యోగం లేదు. అప్పటిదాకా రెన్యువల్‌కి పట్టుకెళ్లడం, ఫీజు కట్టడం, "ఇంకా ఎందుకండీ ఇది, తుక్కుకి ఇచ్చేయకూడదా" అనిపించుకోవడం. సరే, అది వేరే ఏడుపు.

మా బండికీ మీ బండి రోగమే ఉండేది. చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్టయ్యేది. రోడ్డెక్కితే బాగానే లాగేది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మాత్రం రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. పోనీ స్క్రూ తిప్పి స్లో పెంచుదామా అంటే పొలంలో ఇంజన్‌లా అరిచేది. ఒకసారి పెళ్లికని విజయవాడ నుంచి తెనాలి బయల్దేరితే, కనకదుర్గ వారధి ఎక్కకముందే మూడుసార్లు ఆగింది. వెనక సీట్లో మా అత్తగారు, ఒళ్లో పూలబుట్ట. మొదటి రెండుసార్లు ఏమీ అనలేదు. మూడోసారి మాత్రం నెమ్మదిగా "ఆటో పిలుద్దామా బాబూ" అన్నారు. తిట్టినా బాగుండేది.

తర్వాతి ఆదివారం కార్బరేటర్ ఊడదీసి డాబా మీద కూర్చున్నాను. ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. విప్పిన ముక్కలు పెట్టుకోవడానికి ఇడ్లీ ప్లేటును మించింది లేదు. విప్పిన వరుసలోనే ఒక్కో గుంటలో ఒక్కో జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క), దాని వాషరు, దాని స్క్రూ. మళ్లీ బిగించేటప్పుడు వెనక నుంచి వస్తే సరిపోతుంది. మా ఆవిడ పైకి వచ్చి చూసి ఏమీ మాట్లాడకుండా కిందికి వెళ్లిపోయింది. ఆ వారం ఉప్మాయే.

జెట్లను పిన్నీసుతోనో, సన్న తీగతోనో పొడవకండి. మా కార్బరేటర్ సోలెక్స్ కంపెనీది. దాని జెట్టు మీద ఉండే నంబరు దాని రంధ్రం కొలతే, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన. 115 అంటే 1.15 మిల్లీమీటర్లు. ఇత్తడి మెత్తన, తీగ గట్టిది. నాలుగుసార్లు పొడిస్తే మీద 115 అనే ఉంటుంది, లోపల ఎంతుందో దేవుడికి తెలియాలి. కిరసనాయిల్లో నానబెట్టి గాలి కొట్టించండి, చాలు. యూట్యూబ్‌లో అల్ట్రాసోనిక్ మెషీన్లో ముంచి తీస్తుంటారు, మెరుపు చూసి మోసపోకండి. మెరిసినంత మాత్రాన స్లో నిలబడదు.

ఇంతకీ మొదటి కిట్ వేశాను. కొన్న చోటు పేరు చెప్పను. పెట్రోలు లోపలికి రాకుండా ఆపే నీడిల్ వాల్వ్ కింద వేసే వాషరు పాతదానికన్నా పల్చగా ఉంది. నాకు అనుమానం రాలేదు. సోలెక్స్‌లో ఆ వాషరు మందమే ఫ్లోట్ చాంబర్‌లో (పెట్రోలు నిలిచే గిన్నె, అందులో తేలే ఫ్లోట్ పైకి లేచి వాల్వ్‌ని మూస్తుంది) పెట్రోలు మట్టాన్ని నిర్ణయిస్తుంది. అది పల్చనైతే వాల్వ్ కాస్త పైకి వెళ్తుంది, ఫ్లోట్ ఇంకా లేస్తే గానీ మూసుకోదు. స్టార్ట్ చేయగానే ఓవర్‌ఫ్లో. ఇంజన్ మీద పెట్రోలు కారుతుంటే గుండె ఆగినంత పనైంది. పాత వాషరు ఇడ్లీ ప్లేటు మూడో గుంటలో భద్రంగా ఉంది కాబట్టి బతికిపోయాను. పాతవి పారేయకండి.

రెండో కిట్ వేశాను. కారడం లేదు, కానీ దగ్గు అలాగే ఉంది. మూడోది కూడా కొన్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అప్పుడు ఒకాయన ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి పంపాడు. ఆయన బానెట్ ఎత్తాడు, బండి స్టార్ట్ చేయమన్నాడు. స్క్రూడ్రైవర్ తీయలేదు. ఆయిల్ క్యాన్‌తో కార్బరేటర్ కింది భాగంలో బటర్‌ఫ్లై (గాలిదారిని తెరిచి మూసే రేకు) స్పిండిల్, అంటే దాని ఇరుసు, బయటికి వచ్చే చోట, అటూ ఇటూ రెండేసి చుక్కల ఇంజన్ ఆయిల్ వేశాడు. దగ్గుతున్న బండి ఒక్కసారిగా కుదురుకుంది. అర నిమిషం పాటు ఎంత నున్నగా తిరిగిందో! మళ్లీ మొదలైంది. "గాలి పీలుస్తోంది బాబూ. లోపలంతా కొత్తగా వేశావు, గోడకే చిల్లు ఉంది" అన్నాడు.

విషయం ఇంతే. స్పిండిల్ స్టీలు, కార్బరేటర్ బాడీ మెత్తటి పోత లోహం. ముప్ఫై నలభై ఏళ్లు తిరిగి తిరిగి ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. స్లోలో బటర్‌ఫ్లై దాదాపు మూసి ఉంటుంది, దాని కింద ఇంజన్ గట్టిగా లాగుతుంటుంది, దొరికిన సందులోంచల్లా గాలి పోతుంది. దానికి తోడు స్పిండిల్ ఊగుతుంటే బటర్‌ఫ్లై ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది. అందుకే నా స్లో ఒకసారి దగ్గు, ఒకసారి అరుపు. ఏ కిట్‌లోనూ దీనికి మందు లేదు. బాడీ లేత్ షాపులో ఇచ్చి, రంధ్రం సాపు చేయించి, ఇత్తడి బుష్‌లు (రంధ్రంలో కూర్చునే చిన్న గొట్టాలు) కొట్టించాను. మూడు కిట్ల ఖర్చులో సగం కూడా కాలేదు. పదిలో తొమ్మిది ఫియట్లకు రోగం అక్కడే అని నా గట్టి నమ్మకం. నేను విప్పి చూసినవి నాలుగే అనుకోండి.

ఇప్పుడు కొత్త తలనొప్పి పెట్రోలు. ఇరవై శాతం ఇథనాల్ కలిపినది వచ్చాక నాసిరకం కిట్‌లో వచ్చిన పంపు డయాఫ్రం (పెట్రోలు నెట్టే పల్చటి పొర) ఎనిమిది నెలలకే అప్పడంలా బిగుసుకుపోయింది. పైగా పెట్రోలు మండటానికి దాని బరువుకి 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. అంటే పాత జెట్లతో మన బండికి ఇంధనం చాలనట్టే లెక్క. నేను మెయిన్ జెట్టు ఒక నంబరు పెంచాను, పికప్ బాగుపడింది. బండి నెల రోజులు తీయను అనుకుంటే కార్బరేటర్‌లో పెట్రోలు ఉంచకండి. ఇథనాల్ తేమ లాగుతుంది, చాంబర్ అడుగున తెల్లగా పొక్కులు వస్తాయి.

బిగించేటప్పుడు కింది రెండు నట్లను బలం చూపించి బిగించకండి. అంచు వంగిపోతుంది, అక్కడ మళ్లీ గాలి. ఇప్పటికే వంగి ఉంటే అద్దం మీద సన్న ఎమరీ పేపరు పరిచి, సమంగా రుద్దండి.

అన్నిటికన్నా ముందు పాయింట్ల గ్యాప్ (ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే కాంటాక్టుల మధ్య సందు), ప్లగ్గులు చూశారా? చూడకపోతే కార్బరేటర్ జోలికి వెళ్లకండి. చూశారంటే, ఇంజన్ ఆపి, చల్లారాక స్పిండిల్‌ని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. కటకటమంటే కిట్ ఆర్డర్ పెట్టకండి. ఊగిందో లేదో ఇక్కడే రాయండి, లేత్ వాడికి ఏం చెప్పాలో చెబుతాను.