ముంపు పటం గీసే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాదు ముంపు పటం తయారుచేసే బృందంలో నిన్ను వేశారని మీ నాన్న చెప్పాడు. కంప్యూటర్ పని నాకన్నా నీకే బాగా తెలుసు. అందులో ఎక్కడ మోసపోతామో మాత్రం నేను చెప్పగలను.

ముందుగా సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లను, అంటే నేల ఎత్తుపల్లాలు, చెరువులు, వాగులు చూపే పటాలను, గ్రామ నక్షాలను సంపాదించు. వాటిని నేటి ఉపగ్రహ చిత్రంపై పరిచి చూస్తే, ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరే దారిలో ఇప్పుడు ఏయే కాలనీలున్నాయో తెలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినట్టు నది వల్ల వచ్చే ముంపు ఒక రకం. దానికోసం ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో నమోదైన 24 సెంటీమీటర్ల వాన ఆ జలాశయాల దిగువన, నగరం నెత్తిమీదే పడింది కనుక, అలాంటి ముంపుకు నాలాల కొలతలే లెక్క. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడినట్టు కట్ట తెగి వచ్చే నీరు మూడో రకం. ఈ మూడింటినీ ఒకే నీలం రంగులో కలిపేయవద్దు.

ముప్పై మీటర్ల గడులతో వచ్చే ఎత్తుల పటాన్ని బస్తీల్లో నమ్మకు. అందులో ఇంటి పైకప్పు కూడా నేలగా లెక్కకొస్తుంది, నాలా మీది వంతెన ఆనకట్టలా నిలబడి, నిజానికి ఆగని చోట నీటిని ఆపినట్టు చూపిస్తుంది. ప్రతి కల్వర్టు దగ్గరా దిగి, టేపుతో వెడల్పు, ఎత్తు, పూడిక కొలవక తప్పదు.

గోడల మీది నీటి చారలు కొలిచేటప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక బస్తీలో ఇంటావిడ గోడమీది చార చూపించింది, నేను గచ్చు నుంచి కొలిచి రెండడుగులని రాసుకున్నాను. వరద పోయాక వాళ్లు మట్టి నింపి, గచ్చును రెండడుగులు లేపుకున్నారని మరుసటి నెలలో తెలిసింది. నడుము పైదాకా మునిగిన ఆ సందు నా పటంలో సురక్షితంగా కనిపించింది. అందుకే చార ఎత్తును రోడ్డు నుంచి కాదు, గచ్చు నుంచి కాదు, లెవెల్ పరికరంతో సముద్రమట్టం నుంచి లెక్కగట్టు. నీరు ఎన్ని గంటలు నిలిచిందో కూడా అడుగు. ఆ బస్తీల ఆడవాళ్లు చెప్పే లెక్క మన రికార్డుల్లో ఉండదు.

ముంపు వేరు, ముప్పు వేరు. ఖాళీ మైదానంలో నాలుగడుగుల నీరు నిలిస్తే పెద్ద నష్టం లేదు. జనరేటర్ సెల్లార్‌లో ఉన్న ఆసుపత్రికి అడుగు నీరే ప్రమాదం. నీటి లోతు, వేగం, అక్కడున్న జనం, వాళ్లు బయటపడగల దారి కలిపి చూసినప్పుడే ఎక్కడ కట్టడాలకు అనుమతి ఇవ్వకూడదో, ఎక్కడ ముందు నాలా వెడల్పు చేయాలో ప్రణాళికలో రాయగలవు. ‘వందేళ్ల వరద’ అనే మాటను మాత్రం అధికారుల ముందు విడమరిచి చెప్పు. అది ఏటా నూటికి ఒక వంతు అవకాశం, అంటే ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు ఆ వరద కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి ఇరవై ఆరు.

ఆదివారం వీలు చూసుకొని రా. నా దగ్గరున్న పాత టోపోషీట్లు అటక మీదినుంచి దింపి ఉంచుతాను. అంచులు చెదలు తిన్నాయి గానీ చెరువులన్నీ ఉన్నాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న