మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు భోజన మర్యాద, తిండి మీద ఎరుక గుంపు ఆటలతో ఎలా నేర్పాలి?

ఒక బల్లకు నలుగురైదుగురే ఉండాలి. పది మంది కూర్చుంటే గిన్నె చివరివాళ్ల దాకా వచ్చేసరికి మొదటివాళ్లు లేచిపోతారు, అల్లరి అక్కడే మొదలవుతుంది.

వడ్డించుకోవడం ముందు తిండి లేకుండా నేర్పండి. వెడల్పు గిన్నెలో ఎండు శనగలు పోసి, పొట్టి పిడి గరిటెతో పక్క గిన్నెలోకి మార్చమనండి. (గింజలు ముక్కులో దూర్చుకునే వయసు, కళ్లెదుటే ఉండాలి.) తర్వాత నీళ్లు. చిన్న జగ్గులో సగానికి మించి పోయకండి. నిండుగా ఉంటే బరువుకు మణికట్టు వాలిపోయి అంతా ఒక్కసారే కుమ్మరిస్తారు. ఒలికితే తుడుచుకోవడానికి గుడ్డ వాళ్లకు అందేచోట పెట్టండి, మందలింపు అక్కర్లేదు.

ఇక రుచి ఆట. ఒకే యాపిల్‌ను పల్చటి ముక్కలుగా, తురిమి, ఉడికించి మూడు గిన్నెల్లో పెట్టండి. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు. ఒకరు "ఛీ" అంటే మిగతావాళ్లూ అదే పాట అందుకుంటారు. "కరకరలాడిందా, మెత్తగా ఉందా? ఏది తియ్యగా ఉంది?" అనండి. వాసన చూసి పక్కన పెట్టేసినా సరే. కొత్త పదార్థం అలవాటు కావడానికి 8 నుంచి 15 సార్లు పట్టొచ్చు, బలవంతపెడితే ఇంకా మొండికేస్తారు. నోట్లో పెట్టుకున్నది నచ్చకపోతే కాగితం రుమాలులోకి ఉమ్మడం కూడా మర్యాదగానే నేర్పాలి.

ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి, గుండ్రటివి గొంతుకు అడ్డం పడతాయి. ఎవరికి ఏ అలర్జీ ఉందో తల్లిదండ్రులను ముందే అడగండి.